ఒకరికి ఎందరు?

(నర్సీపట్నంలో చేసిన ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం పాఠం)

చింతపల్లి ఆఖరి బస్సు తప్పిపోతుందని తెలిసీ కొందరు మిత్రులు కూర్చున్నారు.

ఐఏఎస్ అధికారి శంకరన్ గారి పేరు మీద సభ అంటే వెట్టిచాకిరీ రద్దు గురించి మాట్లాడతారు. సంక్షేమ హాస్టళ్ల గురించి, పాకీపని పోవాలని పెద్దవయసులో ఆయన తిరిగిన ఊళ్ల గురించి మాట్లాడతారు. పెళ్లి చేసుకోలేదనీ, పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారనీ చెప్పుకుంటారు. అవన్నీ మీకు తెలిసినవే. నేను ఇవాళ వాటి జోలికి పోను. ఆయన ప్రమేయం లేకుండా ఆయన జీవితంలో జరిగిన ఒక సంగతి తీసుకుంటాను. 1987 డిసెంబరు ఆఖర్న ఆయనకు వెల కట్టారు.

గుర్తేడు మనకు పరాయి ఊరు కాదు. అప్పటి తూర్పుగోదావరి జిల్లా మన్యంలోదైనా, కొండ ఎక్కి దిగితే మన కొండలే. అక్కడ ఆదివాసీల బాగోగుల మీద సమావేశం పెట్టుకుని తిరిగొస్తున్న అధికారులను నక్సలైట్ల పీపుల్స్‌వార్ దళం ఆపింది. సాంఘిక సంక్షేమ శాఖ ముఖ్య కార్యదర్శి శంకరన్, జిల్లా కలెక్టరు, ఇంకా పలువురు ఐఏఎస్ అధికారులు వాళ్లలో ఉన్నారు. జైల్లో ఉన్న మావాళ్లను వదలండి, వీళ్లను వదులుతాం అన్నారు. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. రాష్ట్రమంతా రేడియోలకు అతుక్కుపోయింది. ప్రభుత్వం దిగొచ్చింది. జైలు నుంచి కొందరు బయటికొచ్చారు, అడవి నుంచి అధికారులు బయటికొచ్చారు.

రాష్ట్రంలో ఉన్న అధికారులందరిలో ఆదివాసీకి, దళితుడికి దగ్గరగా నిలబడ్డ మనిషి ఎవరంటే ఆనాడు చాలామంది శంకరన్ పేరే చెప్పేవారు. ఆయన్నే పట్టుకుపోయారు. నిజానికి వాళ్లు పట్టుకున్నది శంకరన్‌ని కాదు, ఆయన కుర్చీని. వదిలించుకోవడానికి ప్రభుత్వం బేరమాడింది కూడా ఆ కుర్చీ కోసమే. ఈ మాట కొంచెం కటువుగా ఉంటుందని తెలుసు. ఎందుకన్నానో చెప్పడానికే ఇవాళ నాకిచ్చిన గంటా సరిపోతుందో లేదో.

1993 మొదట్లో అదే కథ మన గుమ్మంలోకి వచ్చింది. చింతపల్లి శాసనసభ్యుడు పసుపులేటి బాలరాజు, ఐఏఎస్ అధికారి డి. శ్రీనివాసులు, వాళ్లతో మరికొందరు విశాఖ మన్యంలో పీపుల్స్‌వార్ చేతికి చిక్కారు. క్రాంతి రణదేవ్ అనే నాయకుణ్ణి విడుదల చేయమన్నది వాళ్ల షరతు. అంతకు రెండేళ్ల ముందే, 1991లో, హైదరాబాదులో శాసనసభ్యుడు సుధీర్‌కుమార్‌ని పట్టుకుపోయి జైల్లో ఉన్న తమవాడు నిమ్మలూరి భాస్కరరావును విడిపించుకున్నారు. కాబట్టి లెక్క అందరికీ తెలిసిందే. ఎంతమందికి ఎవరు, ఎన్ని రోజుల్లో అన్నదే మిగిలింది. ఆ రోజుల్లో అబీద్ సెంటర్‌లో టీ తాగిన ప్రతివాడూ మధ్యవర్తే. నేనప్పుడు ఇక్కడి కోర్టులో జూనియర్ వకీలుని. పాత బాకీ కేసు మీద నా దగ్గరికి వస్తూ పోతూ ఉండే ఒక కానిస్టేబులు, మన్యంలో డ్యూటీ చేసేవాడు, టీ గ్లాసు పట్టుకుని నాతో ఒక మాటన్నాడు.

“ఎమ్మెల్యేగారు కాబట్టి జైలు తలుపు తీస్తారు బాబూ. మమ్మల్నెత్తుకెలిపోతే ఏటి తీస్తారు? పేపర్లో ఫొటో ఏస్తారు.”

ముప్పై ఏళ్ల పైబడి న్యాయశాస్త్రం చదివాను, అమ్ముకున్నాను కూడా. ఖైదీల మార్పిడి మీద ఇంతకు మించిన ప్రశ్న నాకు ఎక్కడా కనబడలేదు.

మామూలుగా ఈ విషయం మీద చర్చ ఎక్కడ మొదలవుతుందంటే, వదలడం తప్పా ఒప్పా అన్నచోట. వదిలితే రేపు ఇంకొకణ్ణి పట్టుకుపోతారు అన్నది ఒక వాదం. అది ఉత్త భయం కాదు. 1989 డిసెంబరులో కశ్మీరులో కేంద్ర హోంమంత్రి కూతురు రుబయా సయీద్ కోసం ఐదుగురిని వదిలారు. ఆ తర్వాత ఆ లోయలో ఏం జరిగిందో తెలుసు. 1999 డిసెంబరు ఆఖర్న కాందహార్‌లో విమానంలో ఉన్నవాళ్ల కోసం ముగ్గురిని వదిలారు. వాళ్లలో ఒకడు మసూద్ అజహర్. ఇజ్రాయెల్ 2011లో గిలాద్ షలిత్ అనే ఒక్క సైనికుడి కోసం 1,027 మందిని వదిలింది. ఐదేళ్ల పైచిలుకు బందీగా ఉన్న కుర్రవాడు ఇంటికొచ్చాడు. ఆ 1,027 మందిలో హమాస్ నాయకుడు యహ్యా సిన్వర్ కూడా ఉన్నాడు. 2023 అక్టోబరు 7 దాడి ఎవరి పథకమంటే లోకం ముందుగా చెప్పిన పేరు అతనిదే. అమెరికా 2014లో తాలిబాన్ దగ్గరున్న బో బెర్గ్‌డాల్ కోసం గ్వాంటనామోలోని ఐదుగురిని వదిలింది. ఆ సైనికుడు తన శిబిరం వదిలి తానే వెళ్లిపోయాడు, అలాంటివాడి కోసమా అని అక్కడివాళ్లు రెండు వర్గాలై కొట్టుకున్నారు.

ఈ వాదానికి పాతకాలపు మూలాలున్నాయి. యూదుల ధర్మశాస్త్రంలో బందీని విడిపించడం చాలా పెద్ద పుణ్యకార్యం. అయితే వెలకు మించి ఇవ్వకూడదని కూడా వాళ్ల పెద్దలు కట్టడి చేశారు, ఇస్తే బందిపోట్లకు అదే బేరమవుతుందని. పదమూడో శతాబ్దంలో జర్మనీలో రోథెన్‌బర్గ్ మెయిర్ అనే మతగురువుని చక్రవర్తి బంధించాడు. శిష్యులు డబ్బు పోగుచేశారు. నా కోసం ఇవ్వొద్దన్నాడాయన. 1293లో చెరలోనే పోయాడు. శవాన్ని విడిపించుకోవడానికి కూడా పద్నాలుగేళ్లు పట్టింది.

గొప్ప మనిషే. కానీ ఒకటి గమనించండి. వద్దన్నది ఆయన. ఆయన తరఫున ఇంకొకరు వద్దనలేదు. అడవిలో కూర్చున్న మనిషి నన్ను పోనివ్వండి అంటే దండం పెట్టొచ్చు. సచివాలయంలో కూర్చున్న మనిషి వాణ్ణి పోనివ్వండి అంటే దానికి ఇంకో పేరుంది.

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక కథే ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు. దేవుడే వచ్చి తానీషాకు ఆరు లక్షలు చెల్లించి విడిపించాడంటారు. నాకు ఆ కథలో నచ్చేది డబ్బు కాదు, రశీదు. సాక్షాత్తూ రాముడే వచ్చినా చెల్లు కాగితం పుచ్చుకున్నాకే ఖైదీ బయటికొస్తాడు. చెర విడుపులో కాగితం ఉండాలన్న ఇంగితం మనవాళ్లకు పదిహేడో శతాబ్దపు కథలోనే ఉంది. గుర్తేడు వంటి వ్యవహారాల్లో కాగితం మీద ఏం రాసుకున్నారో ఈ సభలో ఎంతమందికి తెలుసు? ఏ కేసు ఎందుకు ఎత్తేశారు, ఏ బెయిలుకు సర్కారు ఎందుకు అడ్డు చెప్పలేదు?

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఓపిక పట్టండి. మన దేశంలో ముఖ్యమంత్రి ఖైదీని వదలలేడు. కేసు నడుస్తున్న ముద్దాయిని వదలాలంటే ఒక దారి: పబ్లిక్ ప్రాసిక్యూటరు కేసు ఉపసంహరించుకుంటానని కోర్టును అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 321వ సెక్షన్, కొత్త సంహితలో 360. లేదంటే బెయిలు దరఖాస్తు వచ్చినప్పుడు పీపీ నోరు మెదపకుండా కూర్చోవాలి. మార్పిడి అని పేపర్లలో వచ్చేదాని వెనక కోర్టు హాల్లో జరిగేది ఇంతే.

ఉదాహరణకు, 2000 జూలై 30న అడవిదొంగ వీరప్పన్ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ని ఎత్తుకుపోయాడు. కర్ణాటక ప్రభుత్వం గడగడలాడింది. వీరప్పన్ మనుషులన్న పేరుతో టాడా కింద మైసూరు జైల్లో ఏళ్ల తరబడి మగ్గుతున్న 51 మంది మీద కేసులు ఎత్తేస్తామని కోర్టుకెళ్లింది. కోర్టు సరేనంది. అప్పుడు అబ్దుల్ కరీం అనే ఒక తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ఆయన కొడుకు షకీల్ అహ్మద్ పోలీసు సబ్ఇన్‌స్పెక్టరు. 1992లో వీరప్పన్ ముఠా అతన్ని చంపింది. నా కొడుకుని చంపిన కేసుల్లో ఉన్నవాళ్లను ఒక నటుడి కోసం ఎలా వదులుతారని ఆయన అడిగాడు. 2000 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం చెప్పింది కదా అని పీపీ సంతకం పెట్టకూడదు, తన బుద్ధితో తాను ఆలోచించాలి, వదలడం వల్ల లోకానికి మేలన్న నమ్మకం అతనికి కలగాలి, దానికి ఆధారాలు కోర్టు ముందు పెట్టాలి అంది. వదలడం ఆగిపోయింది. అయినా వారం తిరిగేసరికి, 108 రోజుల చెర తర్వాత, నవంబరు 15న రాజ్‌కుమార్ ఇంటికొచ్చాడు. ఎలా వచ్చాడన్న దాని మీద ఊహాగానాలు ఈనాటికీ నడుస్తూనే ఉన్నాయి.

తీర్పు చదివిన రోజున నేను అబ్దుల్ కరీం పక్షమే. కొడుకు పోయిన తండ్రి ముందు ఎవరు నోరెత్తగలరు? కానీ మరుసటి ఏడాది మైసూరు టాడా కోర్టు విచారణ ముగించి, ఆ కేసుల్లోని ముద్దాయిల్లో చాలామందిని నిర్దోషులుగా వదిలేసింది. అన్నేళ్ల జైలు తర్వాత, మీరేం నేరం చేయలేదు పొండి అంది. ఇప్పుడు చెప్పండి. వీరప్పన్ అడిగినప్పుడు వాళ్లను వదలడం తప్పా? వీరప్పన్ అడగకముందు అన్నేళ్లు ఉంచడం తప్పా?

ఖైదీల మార్పిడిలో మనం ఎప్పుడూ బయటికొచ్చే బందీ వైపు చూస్తాం. ఫొటోలు, పూలదండలు, భార్య కన్నీళ్లు అన్నీ అక్కడే. నేను లోపల్నుంచి వచ్చేవాడి వైపు చూడమంటాను. ఒక కలెక్టరు కోసం వదలగలిగిన మనిషిని కలెక్టరు క్షేమంగా ఉన్నన్నాళ్లూ ఎందుకు ఉంచినట్టు? అతను నిజంగా ప్రమాదకారి అయితే వదలడం జనానికి ద్రోహం. కాకపోతే ఉంచడం అతనికి ద్రోహం. ఈ రెంటి మధ్య మూడో దారి లేదని కొట్టిపారేయను. తుఫానులో గోదావరి మీద పడవ మునిగేలా ఉంటే సరుకు నీళ్లలోకి తోసి మనుషుల్ని బతికించుకుంటారు. సరుకు విలువైనదే, తోయడమూ సరైనదే. న్యాయంగా పట్టుబడ్డవాణ్ణి కూడా ఒక ప్రాణం కోసం వదలాల్సిన రోజు రావచ్చు. కానీ నేను చూసిన కేసుల్లో ఎక్కువ అలాంటివి కావు.

మల్కనగిరి చూడండి. చిత్రకొండ మనకు సీలేరు అవతలే. 2011 ఫిబ్రవరి 16న కలెక్టరు ఆర్. వినీల్‌కృష్ణను, ఆయనతోపాటు జూనియర్ ఇంజనీరు పవిత్ర మాఝీని మావోయిస్టులు పట్టుకుపోయారు. వినీల్‌కృష్ణ మన తెలుగు కుర్రవాడే. మధ్యవర్తుల్లో హరగోపాల్ గారు, ఆర్. సోమేశ్వరరావు గారు కూడా తెలుగువాళ్లే. కలెక్టరుని వదలమని అక్కడి ఆదివాసీలే ఊరేగింపులు తీశారు. ఎనిమిది రోజుల తర్వాత, 24న, ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. మావోయిస్టులు పెట్టిన కోరికల్లో గంటి ప్రసాదం వంటి నాయకుల విడుదల ఉంది. పేపర్లు దాని మీదే రాశాయి. దాని పక్కనే ఒడిశా జైళ్లలో మగ్గుతున్న వందలాది మంది ఆదివాసీల కేసులు తిరిగి చూడాలన్న కోరిక కూడా ఉంది. ఆ వందల మంది పేర్లు ఎవరూ రాయలేదు. కలెక్టరుని పట్టుకునేదాకా ఆ జైళ్లలోకి ఏ జడ్జీ, ఏ మంత్రీ తొంగి చూడలేదు. గంటి ప్రసాదం బెయిలు మీద బయటికొచ్చాడు. 2013 జూలైలో నెల్లూరులో పట్టపగలు ఆయన్ని చంపేశారు.

రెండో వైపు కూడా చెప్పకపోతే ఈ ఉపన్యాసం సగం అబద్ధమవుతుంది. మావోయిస్టులు తమ చేతికి చిక్కిన పోలీసుని ‘యుద్ధఖైదీ’ అన్నారు. 2009 అక్టోబరులో పశ్చిమబెంగాల్ సాంక్రైల్‌లో పట్టుకున్న పోలీసు అధికారి అతీంద్రనాథ్ దత్త విషయంలో మన పెద్దపల్లివాడు కిషన్‌జీ ఆ మాటే వాడాడు. జైల్లో ఉన్న ఆదివాసీ ఆడవాళ్లకు బెయిలు వచ్చాక అతన్ని వదిలారు. వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంది. కానీ సరిగ్గా అదే నెల మొదట్లో జార్ఖండ్‌లో ఫ్రాన్సిస్ ఇందువార్ అనే ఇన్‌స్పెక్టరు తల నరికి రోడ్డు మీద పడేశారు. మరుసటి ఏడాది బీహారులో లఖీసరాయ్ దగ్గర నలుగురు పోలీసులను పట్టుకుని తమవాళ్లను వదలమన్నారు. ప్రభుత్వం వదలలేదు. ముగ్గురిని ప్రాణాలతో వదిలి ఒకణ్ణి చంపారు. చంపినవాడి పేరు లూకాస్ టేటే. ఆ నలుగురిలో ఆదివాసీ అతనొక్కడే. ఆదివాసీల కోసమే తుపాకీ పట్టామన్నవాళ్లు అది ఎలా జరిగిందో ఆదివాసీలకు ఈనాటికీ సరిగ్గా చెప్పుకోలేదు.

యుద్ధఖైదీ అన్న మాటకు అర్థం ఉంది. 1949 నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం యుద్ధఖైదీని చంపకూడదు, యుద్ధం ఆగగానే పంపేయాలి. 1971 యుద్ధంలో పట్టుబడ్డ సుమారు 93 వేల మందిని మన దేశం, ఆలస్యంగానైనా, పంపేసింది. అవే ఒప్పందాల మూడో అధికరణ ఒక దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణల్లో కూడా మనుషుల్ని తాకట్టుగా పట్టుకోవడం నిషిద్ధమంటుంది. పట్టుకుని, వెల చెప్పి, వెల రాకపోతే చంపే ఏర్పాటుకి యుద్ధఖైదీ అనే పేరు పెట్టడం పలుపుతాడుకి జంధ్యం అని పేరు పెట్టడమే. సర్కారు వాళ్లను యుద్ధం చేసేవాళ్లుగా ఒప్పుకోదు, వాళ్లు సర్కారుని ప్రభుత్వంగా ఒప్పుకోరు. ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటే, మనుషులకు రేట్లు వేరువేరని. కలెక్టరుకి ఒక రేటు, శాసనసభ్యుడికి ఒక రేటు. కరీంనగర్‌లో పట్టుకుపోయిన మండలాధ్యక్షుడు మల్హర్‌రావు దగ్గరికొచ్చేసరికి ఆ రేటు పలకలేదు, చంపేశారు. ఆయన పేరు మీద ఒక మండలం మిగిలింది. ఇన్‌ఫార్మరన్న ముద్ర వేసి చంపిన మన గూడేల మనుషులకైతే అసలు బేరమే లేదు. వాళ్లకు బదులుగా ఎవరినీ అడగలేదు, ఎవరూ ఇస్తామనలేదు.

నా టీకొట్టు కానిస్టేబులు అన్నది ఇదే.

ఈ ఊళ్లో కూర్చుని బందీల గురించి మాట్లాడుతూ అల్లూరి సీతారామరాజుని తలవకపోతే మీరు నన్ను బస్సెక్కించేస్తారు. 1922 ఆగస్టులో మూడు రోజుల్లో మూడు ఠాణాలు: చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. తుపాకులు తీసుకుని, తీసుకున్నట్టు దస్కత్తు పెట్టి మరీ వెళ్లాడు. రాజవొమ్మంగి ఠాణాలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించుకున్నాడు. ఠాణా సిబ్బందిలో ఎవరినీ తాకట్టుగా పట్టుకుపోలేదు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో కవర్డు, హైటర్ అనే తెల్ల అధికారులిద్దరు చచ్చిపోయారు. వాళ్ల వెంట నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చాడు. ఆ ఇద్దరి సమాధులూ మన ఊళ్లోనే ఉన్నాయి. చూడనివాళ్లు ఒకసారి చూడండి. అక్కడ పూలు పెట్టమనను, గడ్డి పీకించండి చాలు.

రాజు చివరి ఘట్టం గురించి మన్యంలో చెప్పుకునే మాట ఒకటుంది. బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్ వచ్చి, రాజు ఆచూకీ చెప్పకపోతే గూడేలను నాశనం చేస్తానంటే, జనం కోసం తనను తానే అప్పగించుకున్నాడని. సర్కారు కాగితాల్లో మంప దగ్గర పట్టుకున్నామని ఉంటుంది. ఏది నిజమన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మన్యం మాత్రం ఆ మనిషి తనకు తాను వెల కట్టుకుని జనాన్ని విడిపించాడనే నమ్మింది. నమ్మడానికి ఆ కథే ఎంచుకుంది. 1924 మే 7న కొయ్యూరులో మేజర్ గుడాల్ ఏం చేశాడన్నది మాత్రం కథ కాదు. చేతికి చిక్కిన మనిషిని, కోర్టూ విచారణా లేకుండా, కాల్చేశాడు. నిర్బంధితుడి ప్రాణానికి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఈ కొండల్లో ఆ రోజు నుంచి ఉంది. ఆ తర్వాత ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట వచ్చింది. చిక్కినవాణ్ణి చంపేస్తే మార్పిడికి మనిషే మిగలడు. దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు, అంతే తేడా.

పట్టుబడ్డ జవాను తిరిగొచ్చిన ఒక సంగతి చెప్పాలి. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్, సుక్మా సరిహద్దులో టేకులగూడెం దగ్గర 22 మంది జవాన్లు చనిపోయారు. అందులో మన తెలుగు కుర్రాళ్లు ఇద్దరు. రాకేశ్వర్ సింగ్ మన్హాస్ అనే కోబ్రా జవాను మావోయిస్టుల చేతికి చిక్కాడు. ఐదు రోజుల తర్వాత, ధరమ్‌పాల్ సైనీ అనే తొంభై దాటిన గాంధేయుడు, ఒక గోండు పెద్దాయన, కొందరు విలేకరులు అడవిలోకి వెళ్లారు. వందల మంది ఆదివాసీల ఎదుట ఆ జవాను కట్లు విప్పి అప్పజెప్పారు. బదులుగా ఎవరినైనా విడిచామని ప్రభుత్వం ప్రకటించలేదు. కలెక్టరు కాదు, శాసనసభ్యుడు కాదు, మామూలు జవాను. ఎందుకు తిరిగొచ్చాడంటే, అవతలివాళ్లు నమ్మే మనుషులు నలుగురైనా ఇవతల మిగిలి ఉన్నారు కాబట్టి. సైనీ ఆ నమ్మకం ఒక్కరోజులో సంపాదించలేదు. దశాబ్దాలపాటు బస్తర్‌లో ఆడపిల్లలకు చదువు చెప్పాడు.

శంకరన్ గారు చేసింది కూడా అదే. తనను బందీగా పట్టుకున్నవాళ్ల మీద ఆయన కక్ష పెట్టుకోలేదు. పదవీవిరమణ చేశాక, 1997లో పౌరస్పందన వేదిక పెట్టి, అటు పోలీసులు చంపినా ఇటు నక్సలైట్లు చంపినా రెంటికీ జవాబు చెప్పమని ఊరూరూ తిరిగారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారంటే ఆయన, ఆయన తోటివాళ్లు ఏడేళ్లు నడిచిన నడకే కారణం. చర్చలు నిలవలేదు. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ తుపాకులు మొదలయ్యాయి. ఆ వైఫల్యాన్ని ఆయన ఖాతాలో రాసేవాళ్లు ఉన్నారు. రాసుకోనివ్వండి.

ఇప్పుడు అదంతా అయిపోయిందంటున్నారు. 2025 నవంబరు 18న మావోయిస్టు నాయకుడు హిడ్మా మారేడుమిల్లి అడవుల్లో చనిపోయాడు. ఇక కిడ్నాపుల కాలం రాదంటున్నారు. రాకూడదనే కోరుకుందాం. కానీ మార్పిడి ఆగిపోతే లోపలివాడి సంగతి అడిగేవాడు కూడా ఉండడు. అదే నా భయం. కలెక్టర్లను పట్టుకున్నప్పుడల్లా, అది ఎంత పాపిష్టి పనైనా, జైళ్ల తలుపుల మీద ఎవరో ఒకరు దీపం పట్టారు. ఇప్పుడా దీపం కూడా లేదు.

మన దేశపు జైళ్లలో నలుగురు ఖైదీలుంటే ముగ్గురు విచారణ ఖైదీలే. మన మన్యం సంగతి మీకు చెప్పాలా? ఇప్పుడు మావోయిస్టు కేసులు కావు, గంజాయి కేసులు. మూట మోసినవాడు లోపల, మోయించినవాడు ఎక్కడున్నాడో తెలియదు. సరుకు ఇరవై కిలోలు దాటితే బెయిలు దాదాపు అసాధ్యం, శిక్ష పదేళ్ల నుంచి మొదలు. ఇరవైకి లోపు దొరికి, బెయిలు వచ్చి కూడా, జామీను నిలబడే మనిషి దొరక్క నెలల తరబడి ఉన్నవాళ్లను నేను చూశాను. గూడెం నుంచి కోర్టుకి రావాలంటే ఒకరోజు కూలీ, బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం. ఆ లెక్క తట్టుకోలేక చుట్టాలు రావడం మానేస్తారు. వాయిదాలు నడుస్తాయి. ఆరోపించిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు, విచారణలోనే గడిపేసినవాణ్ణి బెయిలు మీద వదలాలని కొత్త సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. మినహాయింపులున్నాయి, ఒకటికి మించి కేసులుంటే వర్తించదు. అయినా వర్తించేవాళ్లున్నారు. వాళ్ల కోసం ఎవరూ ఏ కలెక్టరునీ పట్టుకోరు. పట్టుకోకూడదు కూడా. కోర్టుకి మనమే వెళ్లాలి.

ఈ సభలో బార్ అసోసియేషన్ మిత్రులు పదిహేను మంది దాకా కనబడుతున్నారు. మీ ఒక్కొక్కరికి ఒక పేరు ఇస్తాను. విశాఖ సెంట్రల్ జైలులో ఉన్న మన మన్యం మనుషుల పేర్లు, వాళ్లు లోపలికి వెళ్లిన తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి. ఫీజు రాదు. పేపర్లో ఫొటో కూడా రాదు. వకాల్తా ఫారాలు ఆ ఆకుపచ్చ సంచిలో తెచ్చాను. చింతపల్లి బస్సు వెళ్లిపోయింది కాబట్టి ఎవరూ తొందరపడక్కర్లేదు, టీ తాగి వచ్చి సంతకాలు పెట్టండి.